యుద్ధం వస్తే మన హక్కులు ఏమవుతాయి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఇదే శీర్షికలో అరెస్టు గురించి రాస్తూ చివర్లో ‘యుద్ధ సమయంలో సంగతి వేరు’ అని ఒక్క మాట అనేసి వదిలేశాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజులు వస్తాయనుకోలేదు. విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచే ఎక్కువ. అందుకే ఈ నెల అద్దె గొడవలు, భాగస్వామ్య పత్రాలు అన్నీ పక్కన పెట్టి దీని మీదే రాస్తున్నాను.

ప్రశ్న: 2025 మే నెలలో పాకిస్తాన్‌తో దాడులు నడిచిన రోజుల్లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ‘ఈ రాత్రి నుంచి మార్షల్ లా, ఏటీఎంలు బంద్, బయటికొస్తే కాల్చేస్తారు’ అని మెసేజ్ వచ్చింది. మావారు ఊళ్లో లేరు, ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే ఉన్నాను, రాత్రంతా ఒకటే టెన్షన్. అసలు మార్షల్ లా అంటే ఏంటి? మన దగ్గర నిజంగా పెట్టొచ్చా?
— ఒక గృహిణి, పటమట, విజయవాడ

అమ్మా, ఆ మెసేజ్ నాకూ వచ్చింది. ఆ సాయంత్రం బెంజి సర్కిల్ అవతల పెట్రోల్ బంకులో నా ముందు ఒకాయన స్కూటర్ ట్యాంకు నింపించుకుని, ఇంకో పెద్ద క్యాన్ కూడా పట్టమని బతిమాలుతున్నాడు. బంకు కుర్రాడు నా కోటు చూసి ఫోన్ నా ముఖం ముందు పెట్టి ‘సార్, మీరు లాయరు గదా, ఇది నిజమేనా?’ అని అడిగాడు. వాడి చెయ్యి వణుకుతోంది. భయం అంత వేగంగా పాకుతుంది కాబట్టే ఈ తేడాలు ముందే తెలిసుండాలి.

ఆ రోజుల్లో మార్షల్ లా కాదు గదా, కనీసం ఎమర్జెన్సీ కూడా పెట్టలేదు. మే 7న దేశంలో 244 జిల్లాల్లో సైరన్లు, బ్లాకౌట్లతో జరపాలన్నది పౌర రక్షణ మాక్ డ్రిల్. దాంతో ఎవరి హక్కూ పోదు.

మనం రోజూ వినే 144 సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 163 అయింది, అది కలెక్టరో పోలీసు కమిషనరో ఇచ్చే ఆర్డరు. మామూలుగా రెండు నెలలకు మించి నడవదు. కర్ఫ్యూ కూడా దాని కిందే పెడతారు. సైన్యం ఊళ్లోకి వచ్చినంత మాత్రాన కూడా మార్షల్ లా అయిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు హెలికాప్టర్లు అన్నం పొట్లాలు జారవిడిచాయి, గండ్లు పూడ్చడానికి సైనికులు దిగారు, గుర్తుంది గదా. వాళ్లు వచ్చింది ప్రభుత్వం పిలిస్తే, పని అయిపోగానే వెళ్లిపోయారు. ఆ వారం రోజులూ మన కోర్టులు, మన పోలీస్ స్టేషన్లు, మన కలెక్టరు ఎవరి కుర్చీలో వాళ్లే ఉన్నారు.

ఇక జాతీయ ఎమర్జెన్సీ. రాజ్యాంగం 352వ అధికరణ కింద యుద్ధం, బయటి దేశం దాడి, సాయుధ తిరుగుబాటు, ఈ మూడింటికే పెట్టాలి. కేంద్ర కేబినెట్ రాతపూర్వకంగా చెప్పాలి, నెలలోపు పార్లమెంటు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఒప్పుకోవాలి. మార్షల్ లా అంటే ఇంకో మెట్టు పైన, మామూలు పాలన, మామూలు కోర్టులు నడవలేని పరిస్థితి వచ్చిందని ఆ ప్రాంతాన్ని సైన్యాధికారి చేతికి అప్పగించడం. ఆయన నోటి మాటే ఆర్డరు. మన రాజ్యాంగంలో దానికి నిర్వచనం లేదు. 34వ అధికరణలో మాత్రం, ఎక్కడైనా అది అమల్లో ఉన్నప్పుడు అధికారులు చేసిన పనులకు తర్వాత పార్లమెంటు చట్టం చేసి రక్షణ ఇవ్వొచ్చని ఉంది. స్వతంత్రం వచ్చాక మన దేశంలో ఒక్కసారి కూడా మార్షల్ లా పెట్టలేదు. పిల్లలకు కూడా ఇదే చెప్పండి.

ప్రశ్న: సార్, నేను లా మూడో సంవత్సరం. 34వ అధికరణ మాకు పాఠంలో రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎప్పుడూ వాడని అధికరణ గురించి మనం ఎందుకు పట్టించుకోవాలి?
— ఒక విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

తమ్ముడూ, ఆ రెండు నిమిషాల వెనక 1919 పంజాబ్ ఉంది. జలియన్‌వాలాబాగ్ కాల్పులు ఏప్రిల్ 13న జరిగాయి, అది అందరికీ తెలుసు. ఆ తర్వాత రెండు రోజులకు అమృత్‌సర్‌లో, లాహోర్‌లో మార్షల్ లా ప్రకటించారు. నిన్ను చదవమనేది ఆ తర్వాతి వారాల గురించి. అమృత్‌సర్‌లో ఒక తెల్ల స్త్రీ మీద దాడి జరిగిన సందులో నుంచి వెళ్లే భారతీయులందరూ పొట్ట మీద పాకుతూ వెళ్లాలని, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఆర్డరు. ఆ సందులో ఇళ్లున్నవాళ్లకు వేరే దారి లేదు. మందులకు వెళ్లాలన్నా, పాలకు వెళ్లాలన్నా, పాకాలి.

లాహోర్‌లో నీ ఈడు కుర్రాళ్ల సంగతి చూడు. మార్షల్ లా నోటీసులను కొన్ని భవనాల గోడల మీద అంటించి, వాటికి కాపలా ఆ భవనం వాళ్లదే అన్నారు. సనాతన ధర్మ కాలేజీ గోడ మీద కాగితం చినిగింది. ఎవరు చించారో తెలీదు. ప్రొఫెసర్లతో సహా దాదాపు 500 మందిని అరెస్టు చేసి ఎండలో మూడు మైళ్లు కోట దాకా నడిపించారు. వేరే కాలేజీల విద్యార్థులు రోజుకు నాలుగుసార్లు హాజరు వేయించుకోవడానికి నడవాలి. వైద్య కళాశాల కుర్రాళ్లకు అది రోజుకు 16 మైళ్ల దాకా అయింది, మే నెల లాహోర్ ఎండలో. చినిగిన కాగితానికి ఇంత శిక్ష ఏ చట్టంలో ఉందని అడిగే కోర్టు లేదు. ఇది భరించలేక సర్ శంకరన్ నాయర్ వైస్రాయి కౌన్సిల్‌కు రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు.

ఆ ఏడాదే అధికారుల మీద కేసులు పడకుండా రక్షణ చట్టం తెచ్చారు. మన 34వ అధికరణ ఆ చట్టం పోలికే. ఆ తర్వాత కూడా మార్షల్ లా 1921లో ఇప్పటి కేరళలోని మలబార్‌లో పెట్టారు, 1930లో షోలాపూర్‌లో పెట్టారు. మలబార్‌లో పట్టుబడిన వాళ్లను ఊపిరాడని గూడ్స్ పెట్టెలో కుక్కి రైలెక్కిస్తే దాదాపు 70 మంది అందులోనే చనిపోయారు. రాజ్యాంగం రాసినవాళ్లకు ఇవన్నీ కళ్లముందు జరిగినవే. అయినా ఆ అధికరణ ఉంచారు, కాకపోతే రక్షణ ఇచ్చే చట్టం పార్లమెంటే చేయాలన్నారు. అంటే ఆ రోజు వస్తే ఓటు వేసేది నువ్వూ నేనూ ఎన్నుకున్నవాళ్లు. పరీక్షలో మార్కులు రాకపోయినా సరే, ఇది చదువు.

ప్రశ్న: మీ వ్యాసాలు చదువుతాను, కానీ ఈ విషయంలో మీతో ఏకీభవించను. సరిహద్దులో పిల్లలు ప్రాణాలిస్తుంటే ఇక్కడ కూర్చుని హక్కులు, స్వేచ్ఛ అనడం నాకు నచ్చదు. యుద్ధం జరిగిన నాలుగు రోజులు నోరు మూసుకుంటే ఏం పోతుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, మీ మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను. విజయవాడ జంక్షన్ మీదుగా మిలిటరీ స్పెషల్ వెళ్తుంటే ఫొటో తీసి, ఇన్ని బోగీలు, ఇన్ని గంటలకు అని పోస్టు పెట్టేవాణ్ని ఆపాల్సిందే. సైనిక చర్యలను లైవ్‌లో చూపించొద్దని టీవీ ఛానళ్లకు చెప్పడం కూడా సబబే, ఎక్కడో ఎవరి బిడ్డో ఆ లైవ్ వల్ల చనిపోకూడదు. ఇందులో మీకూ నాకూ పేచీ లేదు.

పేచీ ఆ ‘నాలుగు రోజులు’ దగ్గర. చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21న ఆగింది, ఒక నెల. ఆ యుద్ధం కోసం అక్టోబరు 26న పెట్టిన ఎమర్జెన్సీ ఎప్పుడు తీశారు? 1968 జనవరి 10న. అయిదేళ్లకు పైనే. 1971 డిసెంబరు 3న మళ్లీ పెట్టారు. ఆ యుద్ధం 13 రోజుల్లో గెలిచేశాం. ఎమర్జెన్సీ మాత్రం 1977 మార్చి దాకా ఉండిపోయింది, మధ్యలో 1975 జూన్‌లో దాని మీద ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. మీరు అప్పటికే బడిలో పాఠాలు చెబుతూ ఉండి ఉంటారు, నాకన్నా మీకే బాగా తెలియాలి. యుద్ధం పేరు మీద తీసుకున్న అధికారం యుద్ధంతోపాటు ఇంటికి పోదు మాస్టారూ, పొమ్మని ఎవరో ఒకరు అడగాలి. అడిగేవాళ్ల నోరు కూడా మూతపడి ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

ఇంకొకటి, ఆ నోరు మూసుకునే రోజుల్లో దెబ్బ తగిలేది ఎవరికి? 1962లో అస్సాం, డార్జిలింగ్ వైపు తరాలుగా బతుకుతున్న చైనా మూలాల కుటుంబాలను, ముసలివాళ్లూ చంటిపిల్లలూ సహా, రైళ్లెక్కించి రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకు తోలారు. సుమారు మూడు వేల మంది. వాళ్లలో ఎవరైనా గూఢచారి అని విచారణ జరిపి తేల్చింది లేదు, ముఖం చూసి తీసుకెళ్లారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. అమెరికా కూడా 1942 తర్వాత దాదాపు లక్షా 20 వేల మంది జపాన్ సంతతి వాళ్లను అలాగే క్యాంపుల్లో పెట్టింది, అందులో ఎక్కువమంది ఆ దేశ పౌరులే. అక్కడి సుప్రీంకోర్టు 1944లో సరే అంది. తప్పయింది అని ప్రభుత్వం ఒప్పుకుని బతికున్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు ఇవ్వడానికి 1988 దాకా పట్టింది.

మీ ఊరి రణరంగ చౌక్ ముందు నుంచి మీరు రోజూ వెళ్తుంటారు. 1942 ఆగస్టు 12న కాల్పుల్లో చనిపోయిన ఆ ఏడుగురి స్మారకం చూస్తుంటారు. ఆ ఏప్రిల్‌లోనే విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి, యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. ఇలాంటప్పుడు ఊరేగింపులేంటి, నోరు మూసుకోండి అని అనడానికి అప్పటి సర్కారుకు మీరు చెప్పిన కారణమే ఉంది.

ఇప్పటి సంగతి కూడా చెప్పాలి. 2025 మేలో ఎమర్జెన్సీ ప్రకటించకుండానే, 8 వేలకు పైగా ఖాతాలను నిలిపేయమని ప్రభుత్వం నుంచి ఆర్డర్లు వచ్చాయని ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థే ప్రకటించింది. వాటిలో అబద్ధాలు పుట్టించేవీ ఉండొచ్చు, ఆపాల్సినవీ ఉండొచ్చు. కానీ ఐటీ చట్టం 69ఎ కింద వచ్చే ఆ ఆర్డర్లు రహస్యం. ఏ ఖాతా ఎందుకు మూశారో, ఎప్పటికి తెరుస్తారో చదువుకోవడానికి మనకు కాగితమే ఉండదు. 352 కింద అయితే కనీసం పార్లమెంటు ముందు లేచి చెప్పాలి. నాకు ఎక్కువ బెంగ ఇక్కడే, తేదీ లేని ఆర్డరు దగ్గర.

ప్రశ్న: మా అమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ 2022లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చేసింది. అక్కడ ఇప్పటికీ మార్షల్ లా అంటున్నారు. తన స్నేహితులు అక్కడే ఉన్నారు. వాళ్లకు హక్కులనేవి ఏమైనా మిగిలాయా?
— ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరింది, అది చాలు ముందు.

అక్కడ 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైన రోజే మార్షల్ లా పెట్టారు. పోయినవి చిన్నవి కావు. రాత్రి కర్ఫ్యూ. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకూడదని మొదట్లో పెట్టారు, 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ల కుర్రాళ్లకు సడలించారు. సభలు, సమ్మెల మీద ఆంక్షలు. ఎన్నికలు లేవు. 2024లో జరగాల్సిన అధ్యక్ష ఎన్నిక కూడా జరగలేదు. బలవంతంగా సైన్యంలోకి తీసుకెళ్తున్నారని అక్కడి తల్లులు ఏడుస్తున్న వీడియోలు మీ అమ్మాయికీ వచ్చే ఉంటాయి. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు.

మిగిలినవి కూడా ఉన్నాయి. వాళ్ల మార్షల్ లా దానంతటది సాగిపోదు, ఒకసారికి 90 రోజుల లెక్కన పొడిగిస్తూ వస్తున్నారు, ప్రతిసారీ పార్లమెంటు ఓటు వేయాల్సిందే. మార్షల్ లాలో కూడా తగ్గించకూడని హక్కులేంటో వాళ్ల రాజ్యాంగం 64వ అధికరణలో పేరు పేరునా ఉన్నాయి. ప్రాణం, చిత్రహింస లేకపోవడం, కోర్టుకు వెళ్లడం అందులోవే. ఆ రోజుల్లో రాజ్యాంగాన్ని సవరించకూడదని కూడా ఉంది.

2025 జులైలో అవినీతిని పట్టుకునే సంస్థల స్వతంత్రం తగ్గిస్తూ ఒక చట్టం తెచ్చారు. 22న అధ్యక్షుడు సంతకం పెట్టిన రాత్రే కీవ్‌లో జనం వీధిలోకి వచ్చారు. ఎక్కువమంది మీ అమ్మాయి వయసువాళ్లే, అట్టముక్కలు చింపి వాటి మీద చేత్తో రాసుకొచ్చిన నినాదాలు పట్టుకున్నారు. తల మీద డ్రోన్లు తిరిగే ఊరు, ఊరేగింపులు కూడదన్న చట్టం, అయినా వచ్చారు. పోలీసులు తుపాకులు ఎత్తలేదు. జులై 31కల్లా ఆ చట్టాన్ని మార్చి పాత అధికారాలు తిరిగి ఇచ్చేశారు. అమ్మాయి స్నేహితులకు ఏం మిగిలిందీ అంటే, అది మిగిలింది.

ప్రశ్న: యుద్ధం వస్తే నా లారీలు, గోడౌన్ ప్రభుత్వం తీసేసుకోవచ్చా?
— ఒక వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

చట్టం ఉంటే తీసుకోవచ్చు. 1962లో, 1971లో భారత రక్షణ చట్టాలు తెచ్చి ఆ అధికారం ఇచ్చారు, రేపు అవసరమైతే అలాంటిదే తేవచ్చు. చట్టం లేకుండా నోటిమాట మీద తీసుకోకూడదని 300ఎ అధికరణ ఉంది. ఇవ్వండి, దేశానికి పనికొస్తే సంతోషంగా ఇవ్వండి, కానీ రాతపూర్వక ఆర్డరు, బండి నంబరు, తేదీ, తీసుకున్న అధికారి సంతకం తీసుకుని ఇవ్వండి. తర్వాత పరిహారం అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ప్రశ్న: దక్షిణ కొరియాలో ఒక్క రాత్రిలో మార్షల్ లా పెట్టి తీసేశారు కదా. అంత సులువా అది?
— ఒక పాఠకుడు, మంగళగిరి

సులువు కాదండీ, ఆ రాత్రి జనం కదిలారు కాబట్టి తీయాల్సి వచ్చింది. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో ప్రకటించాడు. యుద్ధమే లేదు. సభలో మెజారిటీ అడిగితే ఎత్తేయాల్సిందేనని వాళ్ల రాజ్యాంగంలో ఉంది, అందుకే సైనికులు కిటికీలు పగలగొట్టి పార్లమెంటులోకి దిగారు. సభ్యులు గోడలెక్కి దూకి మరీ లోపలికి వెళ్లారు, బయట మామూలు జనం సైనికులకు అడ్డం నిలబడ్డారు. చేరుకున్న 190 మందీ వద్దని ఓటేశారు. తెల్లారేసరికి ఎత్తేశారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ కోర్టు ఆయన్ని పదవి నుంచే తీసేసింది. మన 352లో కూడా లోక్‌సభ వద్దని తీర్మానిస్తే రద్దు చేయాల్సిందే, సభ్యుల్లో పదో వంతు మంది సంతకాలు పెడితే ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి.

ప్రశ్న: ఎమర్జెన్సీలో మా పెదనాన్నను తీసుకెళ్లి పందొమ్మిది నెలలు ఉంచారు. నాయనమ్మ పోయేదాకా అదే తలుచుకుని ఏడ్చేది. మళ్లీ అలాంటిది వస్తే, ఇంట్లోంచి మనిషిని తీసుకెళ్తే, ఆడవాళ్లం ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, మీ నాయనమ్మ లాంటి తల్లులు దేశమంతా ఉన్నారు, ఆ కాలంలో లక్షా పది వేల మందికి పైగా నిర్బంధంలోకి తీసుకున్నారని, ఎమర్జెన్సీ అక్రమాల మీద విచారణ జరిపిన షా కమిషన్ లెక్క తేల్చింది. నేను గుంటూరులో జూనియర్‌గా చేరినప్పుడు మా సీనియర్ బీరువా అడుగు అరలో పురికొసతో కట్టిన ఒక ఫైలు ఉండేది. అట్ట మీద సిరా వెలిసిపోయి ‘హెబియస్ కార్పస్, 1976’ అని ఉండేది. అంటే పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే పిటిషన్. ఒక తల్లి కొడుకు కోసం వేయించింది. ప్రతి వాయిదాకీ ఆమె రాత్రి రైలెక్కి హైదరాబాద్ వెళ్లేదట, ఒళ్లో గిన్నెలో పులిహోర, కోర్టులో కొడుకు కనిపిస్తాడేమోనని. ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో ఇలాంటి పిటిషన్ వేసే హక్కే లేదని నలుగురు జడ్జీల మెజారిటీతో తీర్పిచ్చేసింది. ఆ వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా, ‘పోలీసు అన్యాయంగా ప్రాణం తీసినా దిక్కు లేదా’ అన్న అర్థంలో అడిగితే, అటార్నీ జనరల్ నిరేన్ డే ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే చెప్పారు. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రాకుండా జూనియర్‌కు ఇచ్చారు, ఆయన రాజీనామా చేశారు. ఆ ఫైలు విప్పి మా సీనియర్ నాకు చదివి వినిపించిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది, చివరి కాగితం మీద ‘డిస్మిస్డ్’ అన్న ఒక్క మాట.

తర్వాత 1978లో 44వ సవరణ తెచ్చారు. ఇప్పుడు యుద్ధంలో ఎమర్జెన్సీ పెడితే 19వ అధికరణలోని స్వేచ్ఛలు, అంటే మాట్లాడటం, సభ పెట్టడం, తిరగడం లాంటివి ఆగిపోవచ్చు. కానీ 20, 21 అధికరణలను ఆపడానికి వీల్లేదు. 21 అంటే ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ. 1976 నాటి ఆ తీర్పును కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం కొట్టేసింది.

కాబట్టి చేయాల్సింది ఇది. ఎవరు తీసుకెళ్తున్నారు, ఏ స్టేషన్, ఎన్ని గంటలకు, బండి నంబరు ఎంత, ఇవి వెంటనే ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత గుర్తుండవు. కారణం అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. మామూలు అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ముందస్తు నిర్బంధం, అంటే నేరం చేస్తాడేమోనన్న అనుమానంతో ముందే పట్టుకెళ్లడం అయితే ఆ 24 గంటల లెక్క వర్తించదు, కానీ కారణాలు రాసిచ్చి తీరాలి, సలహా మండలి ఒప్పుకోకుండా మూడు నెలలు దాటి ఉంచకూడదు. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి, ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయించండి. అది తల్లి వేయొచ్చు, భార్య వేయొచ్చు, స్నేహితుడైనా వేయొచ్చు. ఇప్పుడు హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, 2019 నుంచి హైకోర్టు మన అమరావతి నేలపాడులోనే ఉంది, పొద్దున్నే విజయవాడలో బయల్దేరితే కోర్టు తెరిచే వేళకు అక్కడ ఉంటారు.